హిప్నోథెరపీతో సిగరెట్, ఖైనీ, మందు మానాలనుకుంటే: వెళ్లే ముందు, కుర్చీలో, ఇంటికొచ్చాక

టీ గ్లాసు ఒక చేతికి రాగానే రెండో చెయ్యి దానంతటదే జేబులోకి పోయి సిగరెట్ పెట్టె తీస్తుంది. హిప్నోథెరపీ, అంటే మనిషిని గాఢమైన విశ్రాంతిలోకి తీసుకెళ్లి మాటలతో అలవాటు మార్చే పద్ధతి, పనిచేసేది ఇలా తెలియకుండా జరిగిపోయే పనుల మీద. పొద్దున్నే క్వార్టర్ పడకపోతే చేతులు వణికే మనిషికి ఆ వణుకును అది ఆపలేదు. మొదటిది మనసుకు పడిన అలవాటు, రెండోది ఒంటికి పట్టిన వ్యసనం. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. ఏది ఎంత పాలో తేల్చుకోకుండా వెళ్లి కూర్చుంటే సిగరెట్ విషయంలో డబ్బులు దండగ, మందు విషయంలో ప్రాణం మీదికే వస్తుంది. కాబట్టి ఫీజు కట్టకముందే చేయాల్సిన పని ఒకటుంది.

మీ లెక్క ముందు మీరే తేల్చుకోండి

పొగాకు వాడేవాళ్లకు ఒక్క ప్రశ్న చాలు. నిద్ర లేచాక మొదటి సిగరెట్ గానీ, బీడీ గానీ, ఖైనీ గానీ ఎంతసేపట్లో కావాలి? అరగంటలోపే కావాలంటే నికోటిన్ ఒంటికి బాగా పట్టిందని అర్థం. పళ్లు తోముకోకముందే కావాల్సినవాళ్లయితే చెప్పనక్కర్లేదు. ఇలాంటివాళ్లకు హిప్నోథెరపీ ఒక్కటే చాలదు. నికోటిన్ గమ్ముగానీ డాక్టరు రాసే మాత్రలుగానీ తోడుండాలి. మధ్యాహ్నం దాకా దాని ఊసే రాదు, టీ అంగడి దగ్గర నలుగురు చేరితేనే కావాలి అనేవాళ్లది ఎక్కువ పాలు అలవాటే. హిప్నోథెరపీ నుంచి ఎక్కువ లాభపడేది వీళ్లే.

మందు తాగేవాళ్లు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. పొద్దున లేవగానే చేతుల వణుకు, చెమటలు, కడుపులో తిప్పడం ఉన్నాయా? ఒక గుక్క పడగానే అవి సర్దుకుంటున్నాయా? ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ రావడం, లేనివి కనబడటం, వినబడటం జరిగాయా? ఒక్కదానికి అవునన్నా మీరు వెళ్లాల్సింది హిప్నోథెరపిస్టు దగ్గరికి కాదు, సైకియాట్రీ ఓపీకి. నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్లకైతే, నెల్లూరులో పెద్దాసుపత్రి, ఒంగోలులో ఇప్పటికీ అందరూ రిమ్స్ అని పిలిచే సర్వజన ఆసుపత్రి, రెండూ మెడికల్ కాలేజీ ఆసుపత్రులే. ఓపీ చీటీ రాయించుకునే చోట మానసిక వైద్యం అని చెబితే చాలు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే ఆరు గంటల నుంచి ఒక రోజు లోపల వణుకు మొదలవుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటి నాలుగో రోజు దాకా అసలు గండం. అది ముదిరితే మనిషి మతి తప్పి మాట్లాడతాడు, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు, జ్వరం, గుండెదడ వస్తాయి. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టించడానికి తీసుకుపోతారు. ఆ టైములో చేయాల్సింది 108కి ఫోను. ఆసుపత్రిలో క్లోర్‌డయాజిపాక్సైడ్, లోరాజెపామ్ లాంటి మందులిచ్చి రోజురోజుకూ తగ్గిస్తూ ఆపుతారు, బీ1 విటమిన్, అదే థయమిన్, ఇంజెక్షన్‌గా ఇస్తారు. ఇక్కడ ఒక మాట. తాగితాగి తిండి మానేసిన మనిషికి థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. "నీరసంగా ఉన్నాడు, ఒక బాటిల్ ఎక్కించు" అని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర కూర్చోబెట్టొద్దు.

మన దగ్గర మందు మానడానికి చాలామంది ఎంచుకునే దారి అయ్యప్ప మాల. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టరు. పొద్దున్నే తాగితే తప్ప లేవలేని మనిషి ఇవాళ మాల వేసి ఇవాళే ఆపితే, పైన చెప్పిన రెండో రోజు, మూడో రోజు గండం పొంచి ఉంటుంది. ముందే డాక్టరుకు చూపించి ఆ తర్వాత మాల వేసుకోవాలి. ఇక దీక్షంతా హాయిగా గడిపి, మాల తీసిన రాత్రే సీసా తెరిచేవాళ్లున్నారు. వాళ్లకు ఒళ్లు పెద్దగా అడగడం లేదు, సందర్భం అడుగుతోంది. మీరు ఈ రకమైతే ఆ సంగతి థెరపిస్టుకు తప్పకుండా చెప్పండి, అంతకంటే పనికొచ్చే సమాచారం లేదు.

నిద్రమాత్రలు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలకు అలవాటు పడినవాళ్లు కూడా సైకియాట్రిస్టు దగ్గర మొదలుపెట్టాల్సిందే. నిద్రమాత్రలు ఉన్నపళంగా ఆపితే ఫిట్స్ రావచ్చు. గోళ్లు కొరకడం, వెంట్రుకలు పీక్కోవడం, అర్ధరాత్రి ఫ్రిజ్ తెరవడం, ఊరికే ఫోను తీసి చూడటం, వీటికైతే ఒంటి గొడవ లేదు, నేరుగా హిప్నోథెరపీకి వెళ్లొచ్చు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

2003లో కేంద్ర ఆరోగ్యశాఖ హిప్నోథెరపీని తగిన శిక్షణ పొందినవాళ్లు చేయవచ్చని చెప్పింది. అయితే దీనికంటూ ఒక కౌన్సిల్, ఒక లైసెన్సు లేవు. రెండు రోజుల వర్క్‌షాప్ సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకున్నవాళ్లూ, ఇరవయ్యేళ్ల సైకియాట్రిస్టూ ఒకే బోర్డు రాసుకోవచ్చు. కాబట్టి మనిషికి హిప్నోథెరపీ వచ్చా అన్నది రెండో ప్రశ్న. హిప్నోథెరపీ లేకపోయినా మీకు వైద్యం చేయగల అర్హత ఉందా అన్నది మొదటిది. సైకియాట్రిస్టయితే మానసిక వైద్యంలో ఎండీ, డీఎన్‌బీ, డీపీఎం లాంటి చదువు ఉంటుంది. క్లినికల్ సైకాలజిస్టయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అడిగితే చెప్పాలి. పేరు ముందు డాక్టర్ అని ఉన్నంత మాత్రాన చాలదు, అది పీహెచ్‌డీ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు.

ఫోన్లోనే ఇవి అడగండి. ఒక సిట్టింగ్ ఎంతసేపు, ఎంత ఫీజు? నా అలవాటుకు మామూలుగా ఎన్ని సిట్టింగులు పెడతారు? హిప్నోథెరపీతో పాటు ఇంకేం చేస్తారు? పనిచేయకపోతే ఎవరి దగ్గరికి పంపిస్తారు? పొగాకుకు మూడు నుంచి ఆరు సిట్టింగులు అనే సమాధానం సబబుగా ఉంటుంది. పదో పదిహేనో సిట్టింగుల ప్యాకేజీకి డబ్బంతా ముందే కట్టమంటే ఒప్పుకోవద్దు. "నూటికి నూరు శాతం గ్యారంటీ" అన్నా, వేసుకుంటున్న మాత్రలు ఆపేయమన్నా, పూర్వజన్మలో దీని మూలం వెతుకుదామన్నా మర్యాదగా ఫోను పెట్టేయండి. హిప్నాసిస్‌లో ఉన్న మనిషి జరగనిదాన్ని జరిగినట్టే గుర్తు తెచ్చుకోగలడు, అదంతా నిజమని నమ్మగలడు కూడా. జ్ఞాపకాలు తవ్వడం అలవాటు మాన్పించడానికి అక్కర్లేని పని.

గ్యారంటీ ఎందుకు కుదరదో కూడా చెప్పుకోవాలి. పొగతాగడం మాన్పించడంలో హిప్నోథెరపీ మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి కాక్రేన్ సంస్థ 2019లో పరిశీలించింది. 14 అధ్యయనాలు, 1,900 పైచిలుకు మనుషులు. కౌన్సెలింగ్ లాంటి ఇతర సాయాల కంటే ఇది మెరుగని చెప్పడానికి తగిన ఆధారం దొరకలేదని తేల్చింది. పనికిరాదని తేలిందని కాదు, మిగతావాటిని మించిందని తేలలేదని. తాగుడు విషయంలో ఆధారం ఇంకా పలచన. కాబట్టి దీన్ని అసలు వైద్యానికి తోడుగా తీసుకోండి, దాని బదులుగా కాదు.

మనిషికి తెలియకుండా సాంబారులో కలిపి పెట్టమని అమ్మే "తాగుడు మాన్పించే పొడులు" ఇంటికి తేవద్దు. వాటిలో ఏముంటుందో అమ్మేవాడికే తెలియాలి. డైసల్ఫిరామ్ లాంటి మందు పడిన మనిషి ఆ సంగతి తెలియక తాగితే బీపీ పడిపోయి గుండె మీదికి రావచ్చు. ఆ మందును డాక్టర్లు రాస్తారు, కానీ రోగికి చెప్పి, ఒప్పించి, రక్తపరీక్షలు చూసి రాస్తారు.

అలాగే "మా ఆయన్ను హిప్నటైజ్ చేసి మాన్పించండి" అని భార్య చెయ్యిపట్టి లాక్కొచ్చిన కేసుల్లో హిప్నోథెరపీ వల్ల ఒరిగేది ఉండదు. ఇష్టం లేని మనిషికి సజెషన్, అంటే హిప్నాసిస్‌లో మనసుకు చెప్పే మాట, ఎక్కదు. అలాంటప్పుడు మొదట భార్య ఒక్కరే వెళ్లి కౌన్సెలరుతో మాట్లాడటం మేలు.

వెళ్లే ముందు వారం

చిన్న నోటుపుస్తకం ఒకటి జేబులో పెట్టుకోండి. వారం పాటు తగ్గించే ప్రయత్నం చేయొద్దు, రాయండి అంతే. ముట్టిన ప్రతిసారీ నాలుగు సంగతులు: టైము, చోటు, అంతకు ముందు నిమిషంలో ఏం జరిగింది, కోరిక పదికి ఎంత. "రాత్రి 2, బ్యారన్ దగ్గర, మంట చూడ్డానికి లేచా, 4" అని పొగాకు ఆకు మంట వేడికి ఆరబెట్టే కొట్టం, అదే బ్యారన్, ఉన్న రైతు ఒకరు రాస్తారు. "సాయంత్రం 6, రొయ్యల గుంట గట్టు, కాపలావాడు బీడీ ఇచ్చాడు, 3" అని ఇంకొకరు. "ఫోన్లో అప్పులాయన, 9" అని మరొకరు. ఇలా రాసిన పేజీ ఉంటే థెరపిస్టు మీకు తగిన సజెషన్ రాయగలడు. లేకపోతే అందరికీ చెప్పేదే మీకూ చెబుతాడు.

రాసేటప్పుడు పదికి నాలుగు లోపున్నవి ఎన్నో చూసుకోండి. చాలామందికి సగానికి పైగా అవే ఉంటాయి. అంటే ఒళ్లు అడక్కుండానే చెయ్యి ఇచ్చేసినవి.

ఖైనీ వేసేవాళ్లు ఇంకా దగ్గరగా గమనించాలి. ఎడమ అరచేతిలో చిటికెడు, గోటితో తీసిన సున్నం, కుడి బొటనవేలితో నలపడం, రెండు చరుపులు చరిచి దుమ్ము ఊదడం, కింది పెదవి లాగి అందులో పెట్టడం. ఇది ఐదు మెట్ల పని. ఏ మెట్టు దగ్గర ఆపడం మీకు తేలికో చూసుకోండి. సాధారణంగా మొదటిదే, డబ్బా మూత తీయకముందే. సున్నం పడ్డాక కష్టం. సున్నం నికోటిన్‌ను చిగుళ్లలోంచి రక్తంలోకి త్వరగా పంపుతుంది, ఆ సంగతి ఒంటికి తెలుసు, నలుపుతుండగానే నోరూరుతుంది.

మానే తేదీని ఈ వారంలోనే ఖాయం చేసుకోండి. పొగాకు రైతులు, కూలీలు రెలుపులు (ఆకు తెంపడం), బ్యారన్ మంట నడిచే రోజుల్లో ఆ తేదీ పెట్టుకోవద్దు. నిద్ర చాలక కోరిక పెరుగుతుంది. పైగా తడి ఆకు పట్టుకున్నప్పుడు నికోటిన్ చర్మంలోంచే ఒంట్లోకి పోతుంది. మీరు బీడీ మానినా ఒంటికి నికోటిన్ అందుతూనే ఉంటుంది. కొందరికి ఆకు పనిలో తల తిరిగి వాంతులయ్యేది అందుకే.

వెళ్లే రోజు మామూలుగా తినండి. ఖాళీ కడుపుతో వద్దు, పొట్ట పగిలేలా కూడా వద్దు. టీ, కాఫీ రెండు గంటల ముందే ఆపండి. మందు తాగి వెళ్లొద్దు. సిట్టింగ్ అయ్యాక కాసేపు మత్తుమత్తుగా ఉండొచ్చు. కనిగిరి, ఉదయగిరి లాంటి దూరాల నుంచి బండి మీద వచ్చేవాళ్లు కనీసం అరగంట కూర్చుని బయల్దేరండి, వీలైతే బస్సులో రండి.

మూర్ఛ ఉన్నా, స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి జబ్బులకు మందులు వాడుతున్నా, గతంలో పెద్ద గాయంలాంటి సంఘటన ఏదైనా ఉన్నా ముందే చెప్పండి. మీకు వైద్యం చేస్తున్న సైకియాట్రిస్టు సరేనంటే తప్ప ముందుకు పోవద్దు.

కుర్చీలో ఏం జరుగుతుంది

మొదటి సిట్టింగ్‌లో గంటసేపు మాటలే ఎక్కువ. ఎప్పుడు మొదలైంది, ఇదివరకు ఎప్పుడు మానారు, ఎందుకు మళ్లీ మొదలైంది, ఇంట్లో ఇంకెవరికి ఉంది, ఇవన్నీ అడుగుతారు. వెళ్లిన ఐదు నిమిషాల్లో కళ్లు మూసుకోమన్నారంటే అది చవకబారు పని.

తర్వాత చిన్న పరీక్షలు. రెండు చేతులూ చాచి ఒక చేతికి బెలూను కట్టినట్టు, ఇంకో చేతిలో బకెట్టు ఉన్నట్టు ఊహించుకోమంటారు. చేతుల మధ్య ఎంత తేడా వచ్చిందో చూస్తారు. ఇది మీరెంత తేలిగ్గా ఊహలోకి వెళ్లగలరో చెబుతుంది. పదిమందిలో ఒకరిద్దరు చాలా తేలిగ్గా వెళ్తారు, ఒకరిద్దరికి అసలు పెద్దగా ఏమీ జరగదు, మిగతావాళ్లు మధ్యలో ఉంటారు. ఇందులో తెలివికీ, మనోబలానికీ సంబంధం లేదు. చేతులు కదలకపోతే సిగ్గుపడి కదిలించకండి. కదలలేదని చెబితే థెరపిస్టు వేరే పద్ధతికి మళ్లుతారు.

అసలు హిప్నాసిస్ ఇరవై నుంచి ముప్పై నిమిషాలు. గోడ మీద ఒక చుక్కను చూడమంటారు, రెప్పలు బరువెక్కాక మూసుకోమంటారు. పాదాల నుంచి తల దాకా ఒక్కో భాగాన్ని వదులు చేయిస్తారు. పది నుంచి ఒకటి దాకా లెక్కపెడుతూ మెట్లు దిగుతున్నట్టు చెబుతారు. మీకు నిద్ర పట్టదు. బయట బస్సు హారన్ వినబడుతుంది, ముక్కు దురదపెడితే గోక్కోవచ్చు, నచ్చకపోతే కళ్లు తెరిచి లేవొచ్చు. చేతులు బరువుగానో, తేలిగ్గానో అనిపిస్తాయి. ముప్పై నిమిషాలు పదిలా గడుస్తుంది. కొందరికి కన్నీళ్లొస్తాయి, కంగారు పడనక్కర్లేదు.

మన తెలుగువాళ్లలో చాలామందికి హిప్నాటిజం పరిచయమైంది బి.వి. పట్టాభిరామ్ లాంటివాళ్ల స్టేజి ప్రదర్శనల వల్ల. అందుకే "నా రహస్యాలన్నీ కక్కిస్తారేమో" అని భయం, "చిటికెస్తే మారిపోతా" అని ఆశ, రెండూ ఉంటాయి. స్టేజి మీద ప్రదర్శకులు గుంపులోంచి తేలిగ్గా లోబడేవాళ్లను ఏరుకుంటారు. క్లినిక్కులో ఆ ఏరివేత లేదు, వచ్చినవాళ్లందరికీ చేయాలి. రహస్యాలు మీరు చెప్పాలనుకుంటేనే బయటికొస్తాయి. థెరపిస్టు మధ్యలో లేచిపోయినా మీరు అందులోనే ఉండిపోరు, కాసేపటికి మీ అంతట మీరే కళ్లు తెరుస్తారు, లేదా కునుకు తీసి లేస్తారు.

ఆడవాళ్లు తోడుగా ఒకరిని గదిలోనో గుమ్మం దగ్గరో ఉంచమని అడగొచ్చు. చెయ్యి ముట్టుకోవాలన్నా ముందు అనుమతి అడగాలి. సిట్టింగ్ రికార్డు చేస్తే ఆ రికార్డింగ్ మీకివ్వమనండి.

సజెషన్ ఎలా ఉండాలి

ఫలితం తేలేది ఇక్కడే, చాలా సిట్టింగులు నీరుగారేదీ ఇక్కడే. "ఇకమీదట నీకు ధూమపానం పట్ల విముఖత కలుగుతుంది" అంటే ఆ మాట చెవి దాటదు. తనలో తాను ఆ భాషలో మాట్లాడుకునే మనిషి ఎవరూ లేరు. "సిగరెట్ గురించి ఆలోచించకు" అన్నా అంతే, ఆ మాట వినగానే కళ్ల ముందుకొచ్చేది సిగరెట్టే. వాసనకే వాంతి వస్తుందని చెప్పే పద్ధతి కూడా ఉంది. దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు, ఎదురుగా నలుగురు కాలుస్తుంటే ఆ అసహ్యం ఎన్నాళ్లో నిలవదు.

మంచి సజెషన్‌లో మీ చోటు, మీ చెయ్యి, మీ మాట ఉంటాయి. మచ్చుకు ఇలా: "టీ గ్లాసు కుడిచేతిలో ఉంది. వేడి వేళ్లకు తగులుతోంది. ఎడమచెయ్యి జేబు దాకా పోయింది. ఆగింది. బొటనవేలు, చూపుడువేలు కలిపి నొక్కాను. ఊపిరి నిదానంగా వదిలాను. రమణ పెట్టె చాపాడు, 'వద్దులే అన్నా' అన్నాను. 'ఏందబ్బా, స్వామివయ్యావా' అన్నాడు, నవ్వాను. టీ తాగి, గ్లాసు పెట్టి, బండెక్కాను." ఎగతాళి మాటతో సహా చెప్పించడం ముఖ్యం. నాటకం రిహార్సల్లో ఎదుటివాడి డైలాగు లేకుండా మన డైలాగు ఎలా రాదో ఇదీ అంతే. నోటుపుస్తకంలో ఎక్కువసార్లు వచ్చిన రెండు మూడు సందర్భాలకు ఇలా ఒక్కొక్కటి రాయించుకోండి. పదింటికీ అక్కర్లేదు.

వేళ్లు నొక్కడం ఒక గుర్తు. ట్రాన్స్‌లో, అంటే హిప్నాసిస్‌లో, ప్రశాంతంగా ఉన్నప్పుడు పదేపదే నొక్కితే, తర్వాత టీ అంగడి దగ్గర నొక్కినా ఆ నిదానం కొంత తిరిగొస్తుంది. రోజూ సాధన చేస్తేనే సుమా.

ఇంట్లో సాధన

క్లినిక్కులో అరగంట, ఇంట్లో వారమంతా ఏమీ చేయకపోతే ఫలితం మూడు రోజులు కూడా నిలవదు. పొద్దున, రాత్రి పది పన్నెండు నిమిషాల చొప్పున చేయండి.

1. కుర్చీలో నిటారుగా కూర్చోండి. పడుకుంటే నిద్రపోతారు. ఫోను సైలెంట్‌లో పెట్టండి.
2. కంటికి కొంచెం ఎత్తున ఒక చుక్కను చూడండి. నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు గాలి పీల్చి, ఆరు అంకెలు వదలండి. ఇలా పదిసార్లు. కళ్లు మూసుకోండి.
3. పాదాలు, పిక్కలు, తొడలు, పొట్ట, భుజాలు, దవడ. ఒక్కోదాన్ని వదులుగా వదిలేయండి. దవడ దగ్గర ఇంకాస్త ఆగండి, పొగాకు వాళ్లకు బిగువంతా అక్కడే.
4. పది నుంచి ఒకటి దాకా నిదానంగా లెక్కపెట్టండి. కావాలంటే కొత్తపట్నంలోనో మైపాడులోనో ఇసుక మీద నీళ్లవైపు నడుస్తున్నట్టు అనుకోండి.
5. మీ సజెషన్ సన్నివేశాన్ని మూడుసార్లు మొదటి నుంచి చివరి దాకా నడపండి. వేళ్లు నిజంగానే నొక్కండి.
6. ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టి కళ్లు తెరవండి. ఒళ్లు విరుచుకుని లేవండి.

బండి నడుపుతూ, మోటరు దగ్గర నిలబడి, క్వారీలో పని మధ్య ఇది చేయకూడదు. నాలుగైదు రోజులు ఏమీ తెలియలేదని ఆపొద్దు. అడ్డొచ్చేది తరచుగా ఒక్కటే, సన్నివేశాన్ని ఒళ్లు దాకా రానీయకుండా మాటలుగా చదివేయడం. గ్లాసు వేడి, అంగడి స్టవ్వు చప్పుడు, చొక్కా జేబు బట్ట తగలాలి.

మొదటి పది రోజులు

నికోటిన్ ఆపాక రెండో రోజు, మూడో రోజు కోరిక పతాక స్థాయికి చేరుతుంది. రెండు మూడు వారాల్లో బాగా తగ్గుతుంది. ఒక్కో అల ఐదు పది నిమిషాలే. చిరాకు, నిద్ర చెదరడం, మలబద్ధకం, నోట్లో పుండ్లు వచ్చిపోతాయి. నిద్ర లేచిన అరగంట లోపు మొదటిది కావాల్సినవాళ్లు 4 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ము, మిగతావాళ్లు 2 మిల్లీగ్రాములది వాడతారు. 2 మిల్లీగ్రాములది మందుల షాపులో చీటీ లేకుండానే ఇస్తారు. గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడక్కుండా వాడొద్దు. దీన్ని బబుల్‌గమ్‌లా నమిలితే ఎక్కిళ్లు, గుండెలో మంట, "ఇది నాకు పడలేదు" అనే మాట. మెల్లగా నమిలి, చురుక్కుమనగానే బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టాలి. చురుకు తగ్గాక మళ్లీ నాలుగు నములులు. అరగంట ఇలా. పావుగంట ముందు నుంచి టీ, కాఫీ, కూల్‌డ్రింకు వద్దు. నోరు పులిస్తే నికోటిన్ లోపలికి పోదు. ఖైనీలో సున్నం చేసే పనికి ఇది సరిగ్గా తిరగేసిన సంగతి.

సిగరెట్, బీడీ మానినవాళ్లు టీలు సగానికి తగ్గించండి. పొగలోని పదార్థాలు లివరును తొందరపెట్టి కెఫీన్‌ను త్వరగా ఖర్చు చేయిస్తాయి. పొగ ఆగాక అదే ఐదు టీలు ఒంట్లో ఎక్కువసేపు నిలిచి దడ, చిరాకు పుట్టిస్తాయి. సిగరెట్ లేకే ఇలా అయిందనుకుని మళ్లీ ముట్టిస్తారు. ఇదే కారణంతో డెరిఫిలిన్ లాంటి ఆస్తమా మాత్రలు, క్లోజపిన్, ఓలంజపిన్ లాంటి మానసిక జబ్బుల మాత్రలు వాడేవాళ్లు పొగ మానుతున్నామని డాక్టరుకు చెప్పాలి, మోతాదు మార్చాల్సి రావచ్చు. ఖైనీ మానినవాళ్లకు ఈ గొడవ లేదు.

నోరు ఊరుకోదు కాబట్టి సోంపు, లవంగం, వేయించిన శనగలు దగ్గర పెట్టుకోండి. వక్కపొడి, పాన్ మసాలా మాత్రం వద్దు. వక్క క్యాన్సర్ తెస్తుంది, పొగాకు కలవకపోయినా తెస్తుంది.

ఇంట్లో, బండి డిక్కీలో, షాపు గల్లాలో దాచినవన్నీ తీసేయండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొగుళ్లకు నీతులు చెబుతూ కూర్చోలేదు, సారా అంగడి మూయించారు. మరుసటేడు అక్టోబరులో రాష్ట్రమంతా సారా బందయింది. చేతికి అందేంత దూరంలో సరుకు ఉంచుకుని సజెషన్ మీద భారం వేయడం కంటే ఆ పద్ధతే నయం.

జారితే, ఎప్పుడు ఆపాలి

ఒకటి ముట్టించారు. పెట్టెలో మిగిలినవి నీళ్లలో వేయండి, నోటుపుస్తకంలో ఎప్పటిలాగే నాలుగు సంగతులు రాయండి, ఆ రాత్రి సాధనలో ఆ సన్నివేశాన్నే నడపండి. "ఎలాగూ తప్పింది, ఈ పెట్టె అయ్యాక చూద్దాం" అనే ఆలోచన ఆ ఒక్క సిగరెట్ కంటే ఎక్కువ చెరుపు. పండగ, పెళ్లి, తిరునాళ్ల లాంటివి ముందుంటే వాటికి వారం ముందే ఒక సిట్టింగ్ అడగండి, జరిగాక వెళ్లడం కంటే లాభం. మాల తీసే రోజుకూ ఇదే లెక్క.

మూడు నాలుగు సిట్టింగులయ్యాక నోటుపుస్తకం తెరిచి చూడండి. రోజు లెక్క సగానికైనా రాకపోతే, నాలుగు లోపు కోరికలకు కూడా చెయ్యి ఆగకపోతే, ఇంకో ప్యాకేజీ కొనొద్దు. పొగాకు మానడానికి బుప్రోపియాన్, వారెనిక్లిన్ అనే మాత్రలు ఉన్నాయి. తాగుడుకు, ఒళ్లు సర్దుకున్నాక, నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ ఉన్నాయి. అన్నీ డాక్టరు చీటీ మీదే. ఊరు దాటి వెళ్లలేనివాళ్లు పొగాకుకు 1800112356, మందు, గంజాయి, మాత్రలకు 14446, మనసు బాగోలేకపోతే తెలుగులో మాట్లాడే టెలీ మానస్ 14416, ఈ మూడింటికీ పైసా ఖర్చు లేకుండా ఫోను చేయొచ్చు. చేసేటప్పుడు రోజుకు ఎన్ని, ఎన్నేళ్లుగా, లేచాక ఎంతసేపట్లో, ఇప్పుడు వేసుకుంటున్న మందులేవి, ఈ నాలుగూ కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి.